దసరా ఏర్పాట్లు కొండ దిగి మన వీధుల దాకా రావాలంటే

పాయకాపురం వాసి | 2025 సెప్టెంబరు 24, రాత్రి 9:10

నవరాత్రులు మొదలయ్యాయి. ఈ ఏడు తిథి పెరగడంతో పదకొండు రోజుల పండుగ, అమ్మవారికి పదకొండు అలంకారాలు. ఇంటిల్లిపాదీ మన విజయవాడ ఇంద్రకీలాద్రికి వెళ్లి కనకదుర్గమ్మ దర్శనం చేసుకుని వచ్చాం. వినాయకుడి గుడి దగ్గర క్యూలైనులో నిలబడింది మొదలు పైకి చేరేదాకా తాగునీటికి వెతుక్కోవలసిన అవసరం రాలేదు. ఎండకు నీడ ఉంది, కాళ్లు కాలకుండా పట్టాలు పరిచారు. కింద చెత్త పడితే ఎత్తేందుకు మనిషి సిద్ధంగా ఉన్నారు. మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, అయినా ఇబ్బంది పడలేదు. చేసినవారికి మనస్ఫూర్తిగా దండం పెట్టాలి.

ఇక మా ప్రాంతం సంగతి. గత ఏడాది సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి మా మీద పడింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ అన్నీ మునిగాయి. ఇంటి గోడకు ఎన్ని పూతలు రంగు వేసినా ఆనాటి నీటి చార చెమ్మతో మళ్లీ బయటపడుతోంది. అది పెద్ద వరద, దాన్ని పక్కన పెడదాం. మామూలు వాన గట్టిగా ఒక గంట కురిస్తే చాలు, ఇప్పటికీ మా వీధిలో నీళ్లు నిలుస్తున్నాయి. వర్షాలకు ముందు సైడు కాలువలో పూడిక తీశారు. తీసిన పూడికను కాలువ ఒడ్డునే కుప్పలుగా పోసి వెళ్లారు. వానకు ఆ మట్టిలో సగం తిరిగి కాలువలోకే జారింది.

పండుగ రోజుల్లో కొండ దగ్గర ఇంత చక్కగా చేయగలిగిన పనిలో కొంతైనా మిగతా రోజుల్లో వీధుల్లో చేయించుకోలేమా? దసరా ఏర్పాట్లలో వేటిని తీసేయకుండా ఉంచమని అడగవచ్చు? మీ మీ పేటల సంగతులు రాయండి.

---

భవానీ మాల | సెప్టెంబరు 24, రాత్రి 10:02

మీ బాధ అర్థమైంది. ఒక మాట మాత్రం చెప్పాలి. పండుగనూ పేటనూ తక్కెడలో చెరోవైపు పెట్టకండి. కొండ మీద చాలా ఏర్పాట్లు దేవస్థానం సొమ్ముతో జరుగుతాయి, అది భక్తుల కానుక. మూలా నక్షత్రం నాడు సరస్వతీ దేవి అలంకారం చూడడానికి లక్షల్లో వస్తారు. ఆ రోజు క్యూలైనులో ఎక్కడ చిన్న లోపం జరిగినా ప్రాణాల మీదికి వస్తుంది. అక్కడ తగ్గించమనే మాట ఎవరూ అనకూడదు.

---

పాయకాపురం వాసి | సెప్టెంబరు 24, రాత్రి 10:15

తగ్గించమని నేను అనలేదండీ, అనను కూడా. వరదలో మా వీధివాళ్లందరం తలచుకున్నది ఆ తల్లినే. కొండ మీద చూసిన పద్ధతి మా వీధికీ కావాలంటున్నాను.

---

విశ్రాంత ఇంజినీరు | సెప్టెంబరు 25, ఉదయం 6:40

నీటిపారుదల పనుల్లో నా ఉద్యోగ జీవితం గడిచింది. ఇక్కడ రెండు సమస్యలు కలగలిసిపోతున్నాయి. వాటిని విడదీస్తే ఎవరిని ఏమి అడగాలో తెలుస్తుంది.

మొదటిది బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు ఇది. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు ఉంది. వరద వచ్చినప్పుడు అక్కడి నుంచి మళ్లింపు కాలువ ద్వారా నీటిని ఇబ్రహీంపట్నం వైపు తిప్పి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. గత ఏడాది ఆ మళ్లింపు కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. పూడ్చడానికి సైన్యం సాయం కూడా తీసుకోవలసి వచ్చింది. అదే సమయంలో బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. 1957లో బ్యారేజీ కట్టిన తర్వాత అంత వరద ఎన్నడూ రాలేదు. నది నిండుగా ఉంటే మళ్లింపు కాలువ నీళ్లు అందులోకి తేలిగ్గా దిగవు, వెనక్కి ఎగదన్నుతాయి. కట్ట తెగిన నీళ్లు పాత వాగు దారి పట్టి నగరంలోకి వచ్చాయి. నీరు పల్లమెరుగు అన్నారు. సింగ్‌నగర్, పాయకాపురం ఆ పల్లంలో ఉన్నాయి. వచ్చిన నీళ్లు బయటికి పోవాలన్నా సులువు కాదు, దిగువన ఎనికేపాడు దగ్గర బుడమేరు ఏలూరు కాలువ కింది నుంచి దాటాలి. కాబట్టి ఎగువన కట్టలు పటిష్ఠం చేయాలి, నగరంలో ఆక్రమణలతో సన్నబడిన వాగును వెడల్పు చేయాలి, దిగువన నీరు పోయే దారిని పెంచాలి. ఇందులో ఏ ఒక్కటి మానేసినా మిగతా రెండింటికీ ఫలితం ఉండదు. ఇవి ప్రభుత్వం చేయవలసిన పెద్ద పనులు. ఏళ్లు పడుతుంది, పట్టు వదలకుండా అడుగుతూనే ఉండాలి.

రెండోది మామూలు వానకు వీధిలో నీళ్లు నిలవడం. దీనికి బుడమేరుతో పని లేదు. సైడు కాలువ అడుగు మట్టం సరిగా ఉందా, అది కలవవలసిన పెద్ద కాలువ కంటే ఎత్తులో ఉందా, మధ్యలో తూములు మూసుకుపోయాయా అన్నవి చూస్తే చాలు. పూడిక గురించి పాయకాపురం వారు రాసింది అక్షరాలా నిజం. తడి పూడికను తీసిన వెంటనే బండికి ఎత్తలేరు, నీరు కారిపోవాలి. అందుకే ఒడ్డున పోస్తారు. అంతవరకు తప్పు లేదు. ఆరిన మరునాడు ట్రాక్టరు వచ్చి ఎత్తుకుపోవాలి, ఆ రెండో పని జరగదు. కాంట్రాక్టులో తీయడం, తరలించడం రెండూ కలిపి రాయించి, తరలించాకే బిల్లు చెల్లిస్తే కుప్పలు మిగలవు. ఇది రేపే చేయదగిన పని.

---

కృష్ణలంక కట్ట | సెప్టెంబరు 25, ఉదయం 8:25

ఇంజినీరు గారి మాటకు మా పేటే సాక్ష్యం. 2009 అక్టోబరు వరదలో రాణీగారితోట, తారకరామనగర్, భూపేష్ గుప్తా నగర్ వైపు ఇళ్లలోకి కృష్ణ వచ్చింది. మూటాముల్లె నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చాం. అంతకంటే పెద్ద వరద గత ఏడాది వచ్చినా కరకట్ట వెంట కట్టిన రక్షణ గోడ కృష్ణలంకను కాపాడింది. ఆ గోడ ఒక్క రోజులో లేవలేదు, ఒక్క ప్రభుత్వంలో పూర్తి కాలేదు. విడతలు విడతలుగా కట్టారు. మధ్యలో ఆగిన ప్రతిసారీ మా పెద్దవాళ్లు వెళ్లి అడిగారు. నగరానికి ఉత్తరాన బుడమేరు వైపు ఉన్నవాళ్లకూ అలాంటి రక్షణ రావాలి. మేము నిశ్చింతగా నిద్రపోతున్నాం కదా అని మీ గురించి మాట్లాడకుండా ఉండలేం.

---

హైదరాబాద్‌లో బెజవాడ | సెప్టెంబరు 25, మధ్యాహ్నం 1:30

పండుగకు వస్తున్నాను. కారులో వస్తే గొల్లపూడి దగ్గర నుంచి ఎటు పంపిస్తున్నారు?

---

వన్‌టౌన్ కొట్టు | సెప్టెంబరు 25, మధ్యాహ్నం 2:05

మీకు ఊళ్లో ఎక్కడ పని? మూలా నక్షత్రం ముందు రోజు నుంచి గుడి చుట్టుపక్కల దారులు చాలా భాగం మూసేస్తారు. కనకదుర్గ ఫ్లైఓవరు మీదుగా పోనిస్తున్నారో లేదో ఆ పూట పోలీసులు ప్రకటించినదే చూసుకోండి. చిట్టినగర్ సొరంగం దారి తెలిసిన వాళ్లందరూ అటే వస్తారు కనుక అక్కడ ఇరుక్కుంటారు. వీలైతే బస్సులో రండి. స్టాండు నుంచి కొండకు పండుగ బస్సులు తిరుగుతున్నాయి.

ఇక అసలు చర్చకు వస్తాను. కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గర మాకు తాతల నాటి కొట్టు. దసరా అంటే పూలు, కొబ్బరికాయలు, పసుపు కుంకుమల వ్యాపారం. భక్తులు వస్తేనే మాకు బతుకు. అయితే బారికేడ్లు పెట్టేటప్పుడు సరుకు బండికి రోజులో ఒక వేళంటూ చెప్పరు. తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు దాకా వదలండి అంటే సరిపోతుంది. ఈసారి మా వీధి కొట్లవాళ్లం కలిసి వెళ్లి అడిగాం, ఒప్పుకున్నారు. అడిగితే జరిగే పనులు చాలా ఉన్నాయి. నలుగురూ కలిసి, కాగితం మీద రాసుకుని వెళ్లాలి, అంతే.

---

గవర్నరుపేట పాఠకురాలు | సెప్టెంబరు 25, సాయంత్రం 6:50

బీసెంట్ రోడ్డులో పండుగ రద్దీ చూశారా? ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం కావడంతో చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు పిల్లలతో ధైర్యంగా వస్తున్నారు. చూస్తే ముచ్చటేస్తోంది. వచ్చినవాళ్లు గంటల తరబడి నడుస్తారు. వారికి శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడుంది? ఏదో ఒక పెద్ద దుకాణంలోకి వెళ్లి, కొనే పని లేకపోయినా కొంటున్నట్టు నిలబడి అడగవలసి వస్తోంది. కొండ కింద, ఘాట్ల దగ్గర పండుగకు తాత్కాలిక మరుగుదొడ్లు పెట్టారు, నీళ్లున్నాయి, శుభ్రం చేసే మనిషి ఉన్నారు. అలాంటివి బజారులో ఏడాది పొడవునా ఉండాలి. నేను ఉంచమని అడిగేవాటిలో మొదటిది ఇదే.

రెండోది తోపుడు బండ్ల సంగతి. పండుగ ముందు వాళ్లను ఖాళీ చేయించడం, తర్వాత వాళ్లు తిరిగి రావడం ఏటా జరిగే తంతు. చోటు గుర్తించి గీత గీసి ఇస్తే వాళ్లూ నిలబడతారు, మనమూ నడుస్తాం.

---

వన్‌టౌన్ కొట్టు | సెప్టెంబరు 25, రాత్రి 8:15

గీత గీస్తే ఆ గీత దాటకుండా చూసేది ఎవరు? అద్దె కట్టి, పన్ను కట్టి కొట్టు నడిపేవాడి గుమ్మం ముందు బండి పెడితే వాడి వ్యాపారం ఏం కావాలి?

---

గవర్నరుపేట పాఠకురాలు | సెప్టెంబరు 25, రాత్రి 8:40

గుమ్మానికి అడ్డంగా పెట్టమని ఎవరూ అనరు. వీధి విక్రయదారుల రక్షణకు 2014లో పార్లమెంటు చట్టమే చేసింది. విక్రయ స్థలాలు ఎంపిక చేయాలి, వాళ్లకు గుర్తింపు ఇవ్వాలి, ఆ కమిటీలో వాళ్ల ప్రతినిధులూ ఉండాలి. ఆ పద్ధతి నడిస్తే మీ గుమ్మమూ ఖాళీగానే ఉంటుంది.

---

నిర్వాహకులు | సెప్టెంబరు 25, రాత్రి 8:55

తోపుడు బండ్ల మీద వేరే చర్చ తెరిచాం, దయచేసి అక్కడ కొనసాగించండి. పార్టీల ప్రస్తావన ఉన్న రెండు వ్యాఖ్యలు తొలగించాం.

---

చీపురు పట్టిన చేతి బిడ్డ | సెప్టెంబరు 26, ఉదయం 5:30

మా అమ్మ పారిశుధ్య కార్మికురాలు. ఈ చర్చలో శుభ్రత గురించి అందరూ రాశారు, శుభ్రం చేసేవాళ్ల గురించి నేను రాస్తాను.

దసరాకు ఇక్కడి కార్మికులు చాలరు. వేరే పట్టణాల నుంచి కూడా రప్పిస్తారు. మూడు వంతులుగా పని. మా అమ్మకు రాత్రి వంతు పడింది. ఘాటు దగ్గర జల్లుస్నానాల చోట నీళ్లు, తలనీలాలు, షాంపూ పొట్లాలు, వదిలేసిన తడిబట్టలు కలిసి జాలీకి అడ్డం పడతాయి. వాటిని చేత్తో లాగితేగాని నీరు కదలదు. తొడుగులు ఇస్తారు, కాని నీళ్లలో నానాక వేళ్లు జారి పట్టు దొరకదని తీసేస్తారు. మా అమ్మ అరచేతులు ఈ పదకొండు రోజులూ తెల్లగా నానిపోయి, ముడతలు పడి ఉంటాయి. అన్నం కలుపుకుంటే కారం మండుతుందని స్పూనుతో తింటుంది.

2021లో స్వచ్ఛ సర్వేక్షణ్‌లో మన నగరానికి దేశంలో మూడో స్థానం వచ్చినప్పుడు అమ్మ ఎంత పొంగిపోయిందో నేను చూశాను. ఆ పేరు వీళ్ల చేతుల మీద వచ్చింది. అందుకని నేను అడిగేవి ఇవి: మోచేతి దాకా వచ్చే, పట్టు జారని తొడుగులు ఇవ్వాలి. పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు పడుకోవడానికి నేల కాకుండా మంచాలు, ఆడవాళ్లకు తలుపు గడియ పడే స్నానాల గదులు ఉండాలి. పండుగ అయిన మరునాడు వాళ్లకు సెలవు ఇవ్వాలి. భక్తులకు కూడా ఒక విన్నపం. తడిబట్టలు అక్కడే వదలకండి. అలా వదిలితే పుణ్యమని ఎవరో చెప్పారట, మా అమ్మ నడుమును తలచుకుని మానుకోండి.

---

భవానీ మాల | సెప్టెంబరు 26, ఉదయం 6:10

చదివి కళ్లు చెమర్చాయి తల్లీ. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. మా బృందంలో అందరికీ ఈ మాట ఇవాళే పంపిస్తున్నాను. దసరా అయ్యాక భవానీ దీక్షా విరమణలు ఉంటాయి, ఇరుముడులతో వచ్చేవాళ్లు గిరి ప్రదక్షిణ చేస్తారు. ఆ రద్దీకి కూడా తడిబట్టలు వేసేందుకు ఘాట్లలో పెద్ద తొట్లు పెట్టించమని దేవస్థానానికి మేమే వ్రాతపూర్వకంగా ఇస్తాం.

---

మొగల్రాజపురం మెట్లు | సెప్టెంబరు 26, రాత్రి 9:20

కొండ మీది ఇళ్లను కూడా గుర్తు పెట్టుకోండి. గత ఏడాది అదే వానకు మా వైపు కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. వరద వార్తల్లో ఆ సంగతి వెనక్కి వెళ్లిపోయింది. మొగల్రాజపురం, గుణదల, విద్యాధరపురం, వన్‌టౌన్ కొండలన్నిటి మీదా పేదల ఇళ్లే. మెట్లు తప్ప దారి లేదు, అంబులెన్సు రాదు. రాయి జారే చోట్ల అడ్డుగోడలు, వాన నీరు మెట్ల మీద పడకుండా పక్క నుంచి దిగే కాలువలు కావాలి. వాన కురిసిన రాత్రి మా పిల్లలు నిద్రపోరు.

---

విశ్రాంత ఇంజినీరు | సెప్టెంబరు 27, ఉదయం 6:15

మెట్లు గారూ, మీరు చెప్పిన పక్క కాలువే అన్నిటికంటే ముఖ్యం. నీళ్లు రాతి పగుళ్లలోకి దిగి మట్టిని నానబెడితేనే చరియ జారుతుంది. గోడ కట్టినా వెనక నీరు పోయే రంధ్రాలు వదలకపోతే ఆ గోడే మీద పడుతుంది. మీ వీధి గోడకు ఆ రంధ్రాలు ఉన్నాయా, మట్టితో పూడిపోయాయా చూసి ఫొటో పెట్టండి.

---

వాంబే కాలనీ | సెప్టెంబరు 28, సాయంత్రం 5:45

వరద తర్వాత సాయం అందింది, కాదనను. కింది అంతస్తులో ఉన్నవాళ్లకు 25 వేలు, పై అంతస్తులవాళ్లకు 10 వేలు ప్రకటించారు. అగ్నిమాపక శకటాలు వచ్చి వీధుల్లో, ఇళ్లలో బురద కడిగాయి. ఆ రోజుల్లో పక్క జిల్లాల వాళ్లు పంపిన అన్నం పొట్లాలు తిన్నాం, ఆ రుణం తీరదు.

ఇప్పటి భయం వేరే. మా వీధిలో తాగునీటి గొట్టం మురుగు కాలువలోపలి నుంచి పోతోంది. గొట్టానికి చిల్లు పడితే కొళాయిలో ఏం వస్తుందో చెప్పక్కర్లేదు. కొండ మీద భక్తులకిచ్చే నీళ్లను ఎప్పటికప్పుడు పరీక్ష చేస్తున్నారట, మంచిదే. మా వీధి చివరి కొళాయి నీళ్లనూ వారానికొకసారి పరీక్షించి, ఫలితాన్ని వార్డు సచివాలయం గోడకు అంటించాలి.

---

హైదరాబాద్‌లో బెజవాడ | సెప్టెంబరు 29, రాత్రి 11:20

బస్సులోనే వచ్చాను, వన్‌టౌన్ వారికి కృతజ్ఞతలు. ఇవాళ మూలా నక్షత్రం. స్టాండు నుంచి నడుస్తుంటే జనం, జనం, జనం. క్యూలో నా ముందున్న పెద్దావిడకు కళ్లు తిరిగితే వాలంటీరు అమ్మాయి నిమిషాల్లో చక్రాల కుర్చీ తెచ్చింది. వైద్య శిబిరం అక్కడికి దగ్గరలోనే ఉంది. నదిలో ప్రవాహం ఎక్కువగా ఉన్నందువల్ల స్నానాలన్నీ జల్లుల కిందే.

దారి పొడవునా కనిపించిన మరో సంగతి: కంట్రోల్ రూం నంబరు రాసిన బోర్డులు. ఫోన్ చేస్తే ఎత్తారు, తప్పిపోయిన పిల్లవాడి సంగతి చెబితే వివరాలు రాసుకుని తిరిగి చేశారు కూడా, బాబు దొరికాడని! అక్టోబరు, నవంబరు నెలలు మన తీరానికి తుపాన్ల కాలం. ఆ రెండు నెలలూ ఇలాంటి గదిని నడిపి, నంబరును ప్రతి వీధి మొదట్లో రాయిస్తే సగం భయం పోతుంది. ఎత్తే మనిషి ఉన్న ఫోను విలువ గత ఏడాది మిద్దెల మీద కూర్చుని ఎదురుచూసిన వాళ్లకు తెలుసు.

---

పాయకాపురం వాసి | సెప్టెంబరు 30, ఉదయం 7:00

మీరు ఫోను గురించి రాసింది చాలా విలువైన మాట. ఆ రోజు సింగ్‌నగర్ ఫ్లైఓవరు దాకా పడవలు వచ్చాయని తెలుసు, మా వీధికి ఎప్పుడు వస్తాయో చెప్పే నాథుడు లేడు. పక్క వీధిలో నిండు గర్భిణి ఉందని ఎవరికి చెప్పాలో తెలియక, బిందెలు మోగించి అరిచాం.

---

కృష్ణలంక కట్ట | అక్టోబరు 3, ఉదయం 9:30

విజయదశమి గడిచింది. ఇక మాటలు చాలు, కాగితం రాద్దాం. సోమవారాల్లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీలు తీసుకుంటారు. ఒకే అర్జీలో అన్నీ కుక్కితే ఏ విభాగమూ తనది కాదంటుంది. విడివిడిగా రాయాలి. అర్జీ ఇచ్చాక రసీదు నంబరు తీసుకోవడం మరవకండి, మా గోడ విషయంలో ఆ నంబర్లే పనికి వచ్చాయి.

---

విశ్రాంత ఇంజినీరు | అక్టోబరు 4, ఉదయం 6:50

మొదటి అర్జీ నేను రాసి పెట్టాను: తీసిన పూడికను రెండు రోజుల్లో తరలించడం, ఆ తర్వాతే బిల్లు. రెండోది మురుగు కాలువలో పోతున్న తాగునీటి గొట్టాలు. వాంబే కాలనీ వారు చోటు గుర్తులతో ఫొటోలు పంపాలి, గొట్టం ఎక్కడ దాటుతోందో ఇంటి నంబరుతో సహా రాయండి. మూడోది తుపాన్ల కాలమంతా నడిచే కంట్రోల్ రూం, నీటిని తోడే మోటార్లను పల్లపు వీధుల దగ్గర ముందే సిద్ధంగా ఉంచడం. బుడమేరు విస్తరణ గురించి వేరే వినతిపత్రం ప్రజాప్రతినిధులకు ఇవ్వాలి. అందులో వెలగలేరు నుంచి ఎనికేపాడు దాకా మొత్తం దారి ప్రస్తావన ఉండాలి, మన పేటల వరకే రాస్తే లాభం లేదు.

---

గవర్నరుపేట పాఠకురాలు | అక్టోబరు 4, ఉదయం 10:20

బజారు మరుగుదొడ్ల అర్జీ నాది. పైపుల రోడ్డు, డాబా కొట్లు సెంటర్ దగ్గర కూడా కావాలని చేర్చాను. పారిశుధ్య కార్మికుల తొడుగులు, వసతి గురించిన అర్జీని ఆ అమ్మాయి పేరు బయటికి రాకుండా నా పేరుతో ఇస్తాను.

---

వన్‌టౌన్ కొట్టు | అక్టోబరు 4, మధ్యాహ్నం 12:10

నకళ్లు తీయించే ఖర్చు నాది. ఒక్కో అర్జీకి మూడు ప్రతులు చాలా?

---

కృష్ణలంక కట్ట | అక్టోబరు 4, మధ్యాహ్నం 12:30

నాలుగు తీయించండి, ఒకటి మన దగ్గర ఉండాలి. సోమవారం, అంటే ఆరో తేదీ, ఉదయం తొమ్మిదిన్నరకు బస్టాండు బయట కలుద్దాం. సంతకాలు పెట్టదలచినవాళ్లు రేపు సాయంత్రంలోగా మీ వార్డు నంబరు పంపండి.

---

మొగల్రాజపురం మెట్లు | అక్టోబరు 5, ఉదయం 7:40

గోడ ఫొటోలు పెట్టాను ఇంజినీరు గారూ. రంధ్రాలు ఉన్నాయి, మూడొంతులు మట్టితో మూసుకుపోయాయి. మా వీధి కుర్రవాళ్లు గునపాలతో శుభ్రం చేస్తామంటున్నారు. చేయవచ్చా?

---

విశ్రాంత ఇంజినీరు | అక్టోబరు 5, ఉదయం 8:05

గునపం వద్దు, రాయి కదులుతుంది. సన్నని ఇనుప చువ్వతో మట్టిని లోపలికి నెట్టకుండా బయటికి లాగండి. పై వరుస నుంచి కాదు, కింది వరుస నుంచి మొదలుపెట్టండి. వాన పడుతుంటే ఆ దరిదాపులకు పోకండి. నేను రేపు అర్జీలు ఇచ్చాక అటు వస్తాను.